బేజుబాన్ జాన్వర్ల కర్జా

మన ఇళ్ళల్లో కుత్తా అంటే దర్వాజా బయటి జాన్వర్. వజూ, పాకీ సంగతులు వింటూ పెరిగినవాళ్ళం కదా. అయినా గల్లీ కుక్కకు రొట్టె ముక్క తీసిపెట్టనిదే మా నానీ దస్తర్‌ఖాన్ ఎత్తేది కాదు. దాహంతో నాలుక చాపిన కుక్కకు నీళ్ళు తాపి మగ్‌ఫిరత్ పొందిన మనిషి కిస్సా ఎన్నిసార్లు చెప్పిందో. ఆ లెక్కలో ఇచ్చేది మనిషి, తీసుకునేది కుక్క. మా ఫూఫీ బీమారీతో నాకు ఆ లెక్క మారిపోయింది.

ఫూఫీకి వచ్చింది యాంజియోసార్కోమా. రక్తనాళాల లోపలి పొరలో పుట్టే క్యాన్సర్. మెత్తటి కణజాలంలో వచ్చే సార్కోమాల్లో ఇది నూటికి ఒకటో రెండో. 'చాలా అరుదు' అని డాక్టర్ సాబ్ అంటే మొదట తసల్లీగా అనిపించింది. తర్వాత సమజైంది. మరీజులు తక్కువైతే పరిశోధనా తక్కువే, దవాలూ తక్కువే.

మనుషుల్లో ఇంత అరుదైన ఈ మర్జ్ కుక్కల్లో మామూలే. పేరు హెమాంజియోసార్కోమా. గోల్డెన్ రిట్రీవర్లు, జర్మన్ షెపర్డ్‌లలో ఎక్కువ. ప్లీహంలోనో గుండెలోనో చప్పుడు లేకుండా పెరుగుతుంది. చాలాసార్లు గడ్డ పగిలి లోపల ఖూన్ కారేదాకా ఇంటివాళ్ళకు తెలియనే తెలియదు. మైక్రోస్కోప్ కింద రెండు జబ్బులూ దగ్గరి చుట్టాల్లా కనిపిస్తాయి. టీపీ53, పీఐకే3సీఏ అనే జీన్లలో మార్పులు రెండింటిలోనూ దొరికాయి. 2005లో టాషా అనే బాక్సర్ కుక్క జీనోమ్ అచ్చయ్యాక ఇలా పోల్చి చూడటం సులువైంది.

అందుకే ఆపరేషన్‌లో తీసిన కుక్కల గడ్డల నుంచి కణాలు వేరుచేసి, ఒంటి వేడికి సరిపోయే వెచ్చదనంలో, పోషక ద్రవంలో పెంచుతారు. వాటి మీద దవాలు వేసి చూస్తారు. అమెరికాలో మిన్నెసోటా యూనివర్సిటీ వాళ్ళు ఇలాగే ఒక చాలాకీ పట్టుకున్నారు. డాక్సోరూబిసిన్ అనే క్యాన్సర్ మందును ఈ కణాలు తమ కచ్రా గదుల్లాంటి లైసోజోముల్లో బంధించేస్తున్నాయి. ప్రొప్రనొలాల్ అనే పాత గుండె మాత్ర తోడైతే ఆ పద్ధతి మారి, మందు ఎక్కువ అసర్ చూపింది. ఇదే మాత్ర పసిపిల్లల రక్తనాళాల గడ్డలను కరిగిస్తుందని ఫ్రాన్స్‌లోని బోర్డో డాక్టర్లు 2008లో చెప్పారు.

ఇది చదివి 'ఇలాజ్ దొరికింది' అని ఎవరూ పరుగెత్తకండి. గిన్నెలోని కణానికి పారే రక్తం లేదు, ఒంట్లో రోగంతో పోరాడే ఫౌజూ లేదు. గిన్నెలో గెలిచింది కుక్కలో ఓడిపోవచ్చు, కుక్కలో గెలిచింది ఇన్సాన్‌లో ఓడిపోవచ్చు. డాక్టర్ రాయకుండా ఆ మాత్ర మింగడం ఖతర్నాక్.

ఇవన్నీ చెబుతుంటే ఫూఫీ ఒకటే సవాల్ అడిగింది.

"ఆ కుత్తాలకు కావాలని మర్జ్ అంటించారా బేటీ?"

"లేదు ఫూఫీ. దానంతట అదే వచ్చింది. పెంచుకున్నవాళ్ళ ఇజాజత్‌తో గడ్డ ముక్క తీసుకుంటారు."

ఫూఫీ చాలాసేపు మాట్లాడలేదు.

తన ఆపరేషన్‌కు ముందు ఆసుపత్రి వాళ్ళు ఒక కాగితం తెచ్చారు. తీసిన గడ్డలో మిగిలిన ముక్కను పరిశోధనకు ఉంచుకోవచ్చా అని. చాచా వద్దన్నారు. "జిస్మ్ అల్లా అమానత్. ఎవరో ఏదో చేస్తారు, మనకెందుకు?" ఆయన భయం నాకు అర్థమైంది. పేదోళ్ళ ఒంటితో ఆటలాడతారనే షక్ ఊరికే పుట్టలేదు. ఫూఫీ కాగితం మొత్తం చదివించుకుంది. పేరు బయటికి రాదని, వద్దన్నా ఇలాజ్ ఆగదని రూఢి చేసుకుంది. "ఎట్లాగూ పారేసేదే కదా" అని దస్తఖత్ చేసింది.

అమెరికాలో 2017లో మొదలైన యాంజియోసార్కోమా ప్రాజెక్టు కూడా మరీజుల రజామందీతోనే నడిచింది. దేశమంతా చెదిరి ఉన్నవాళ్ళు తమ నమూనాలు, రికార్డులు పంచుకుంటే, ఏ ఒక్క ఆసుపత్రికీ కనబడని సంగతులు బయటపడ్డాయి.

మీ ఇంట్లోకీ అలాంటి కాగితం రావచ్చు. కాదనే హక్కు మీకుంది. చదవండి, సవాళ్ళు అడగండి, ఆ తర్వాతే ఫైసలా చేయండి. బేజుబాన్ జాన్వర్‌ను ఎవరూ అడగలేదు, అడిగినా అది చెప్పలేదు. మనల్ని అడుగుతున్నారు. మనకు జుబాన్ ఉంది.