మండ్రగబ్బ కుబుసం

మండ్రగబ్బ పిల్లలు తల్లి వీపు చీల్చుకుని పుడతాయనీ, పుట్టగానే తల్లిని తినేస్తాయనీ మీరూ వినే ఉంటారు. మా చింతూరులో ఈ మాట చెప్పని ముసలమ్మ లేదు. కన్నవాళ్ళని పట్టించుకోని కొడుకుల్ని తిట్టడానికి కూడా భలే పనికొస్తుంది. అబద్ధమని తెలిసినా నాకా కథ ఇష్టమే. ఎందుకంటే అది ఉత్తి కల్పన కాదు, ఎవరో కళ్ళతో చూసిందే. కాకపోతే సగం చూసి లేచి వెళ్ళిపోయారు.

మిగతా సగం నాకు 2022 వరదల్లో దొరికింది. ఆ జూలైలో భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటింది, ఎగదన్నిన శబరి మా ఊళ్ళోకి వచ్చేసింది. నీళ్ళు తీశాక పెరట్లో ఇటుకల కింద ఓ మండ్రగబ్బ. నల్లగా నిగనిగలాడుతూ జానెడుంది, పొట్ట ఉబ్బిపోయి ఉంది. ఆఫీసు పని ఇంటినుంచే కాబట్టి చూసుకోవచ్చులే అనుకుని, అమ్మ చెప్పు వెతుక్కునేలోపు పాత అక్వేరియంలోకి చేర్చేశాను. తడిమట్టి, కొబ్బరిపీచు, ఓ పెంకుముక్క, వారానికి ఒకటో రెండో బొద్దింకలు. ఇంతకన్నా చవకైన పెంపుడు జంతువు ఉండదు.

పదిహేను రోజులకి కన్నది. తేలు గుడ్లు పెట్టదు, పిల్లల్నే కంటుంది. పొట్ట కిందనుంచి ఒక్కొక్కటే బయటికొచ్చిన తెల్లటి పిల్లలు తల్లి కాళ్ళమీదుగా పాకి వీపెక్కాయి. ఇరవైకి పైనే. వారం దాటినా దిగలేదు, తిండీ లేదు. ఆ తర్వాత అక్కడే, వీపు మీదే, మొదటి కుబుసం విడిచాయి. కాస్త రంగు తేలిన పిల్లలు కిందికి దిగడం మొదలుపెట్టాయి. తల్లి వీపు నిండా చిరిగిన తెల్లటి పొరలు! ఆ పూట మాత్రమే చూసినవాడికి వీపు చీలిందనిపించడంలో వింతేముంది? తల్లి మాత్రం మర్నాడు శుభ్రంగా బొద్దింకని తిన్నది. అసలు విషయం తిరగేసి ఉంది. బాగా కంగారుపెడితే తల్లే పిల్లల్ని తినేస్తుంది. అందుకే అన్నాళ్ళూ పెట్టెమీద గుడ్డ కప్పి ఉంచాను.

తర్వాత తల్లినీ పిల్లల్నీ ఊరికి దూరంగా గుట్టమీద రాళ్ళ మధ్య వదిలేసి, ఒక్కదాన్ని అట్టేపెట్టాను.

ఇక్కడ అమ్మ సంగతి చెప్పాలి. నేను చూడని మేనమామ ఒకాయన ఉండేవాడు. 1974లో, ఆరేళ్ళప్పుడు, తేలు కుట్టి పోయాడు. కుట్టింది మండ్రగబ్బ కాదు, వేలెడు కూడా లేని ఎర్రతేలు. పెద్ద డెక్కలున్న నల్లదాన్ని చూసి జనం హడలిపోతారు గానీ, పసిపిల్లల ప్రాణం మీదికి తెచ్చేది ఆ చిన్నదే. దాని విషం గుండెని పట్టుకుంటుంది. మహారాష్ట్రలో మహాడ్ అనే చిన్న ఊళ్ళో డాక్టర్ హిమ్మత్‌రావ్ బావస్కర్ దీనిమీద 1982లో లాన్సెట్‌లో రాశారు. బీపీకి వాడే ప్రాజోసిన్ మాత్ర వాడకంలోకి వచ్చాక చావులు బాగా తగ్గాయి. (ఏ తేలు కుట్టినా ముందు ఆస్పత్రికి పరిగెత్తండి, రంగులు తర్వాత చూసుకోవచ్చు.) ఇదంతా అమ్మకి చెప్పాను. "అయితే ఏంట్రా" అంది. ఆవిడకి అన్నీ తేళ్ళే. కర్నూలు జిల్లా కోడుమూరులో శ్రావణమాసం మూడో సోమవారం కొండలరాయుడికి తేళ్ళనే కానుకగా ఇస్తారంటే అస్సలు నమ్మలేదు.

పిల్ల పెరిగింది. తేలు పెద్దదవడానికి ఓ అరడజను సార్లు కుబుసం విడవాలి. 2023 వానాకాలంలో వారం రోజులు తిండి మానేసి, కదలకుండా పడుంది. చచ్చిందనుకున్నా. ఓ రాత్రి తొమ్మిదింటికి తల ముందు అంచు పెట్టె మూతలా లేచింది. అందులోంచి నోరు, డెక్కలు, ఎనిమిది కాళ్ళు, ఆఖర్న తోక... చొక్కా విప్పినట్టు కాదు, బిగుసుకుపోయిన చేతితొడుగులు డజను ఒకేసారి విప్పినట్టు. కాస్త బలంగా లాగుతుంది, ఆగుతుంది, మళ్ళీ లాగుతుంది. గాలిలో తేమ తక్కువైతే కాలో తోకో ఇరుక్కుని చస్తుంది. మా భాషలో, నడుస్తున్న సర్వర్ మీద అప్‌గ్రేడ్ అన్నమాట, వెనక్కి తిప్పే దారి లేదు. కొండి తొడుగుతో సహా అంతా వదిలేసి బయటపడ్డ ఆ శాల్తీ పాలిపోయి మెత్తగా ఉంది. ఆ గంటల్లో అది ఎవర్నీ కుట్టలేదు. బొద్దింక కూడా దాన్ని కొరకగలదు, అందుకే ముందే తీసేశాను.

పన్నెండింటికి అమ్మ నీళ్ళకోసం లేచింది. దొంగనోట్లు చూసే అతినీలలోహిత టార్చి తెచ్చి పెట్టెమీద వేశాను. ఆ వెలుగులో తేలు పెంకు ఆకుపచ్చగా మెరుస్తుంది, కానీ కొత్త పెంకు గట్టిపడేదాకా మెరవదు. కాబట్టి ఉత్తి కుబుసం దీపంలా వెలుగుతోంది, బతికున్నది దాని పక్కనే మసగ్గా పడుంది.

"ఏదిరా నిజంది?" అంది అమ్మ.

చూపించాను. కుర్చీ లాక్కుని కూచుంది. అరగంట పైనే చూసిందనుకుంటా. చివరికి "మూత గట్టిగా పెట్టు" అని వెళ్ళి పడుకుంది.