అద్దం మీది వెండిపొర

మన పిల్లలు ఏం చదువుతున్నారని ఎవరైనా అడిగితే "కంప్యూటర్" అని ఒక్కమాటలో సరిపెట్టేస్తాం. దానితో వాళ్ళేం చేస్తున్నారో మనకు తెలియదు. మన భాషలో చెప్పే అలవాటు వాళ్ళకూ లేదు. తాతగారి కాలం నుంచి బెంగుళూరులో ఉంటున్న మా ఇంట్లోనూ ఇదే తంతు. ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడం, చదువంతా ఇంగ్లీషు.

పలచని పొరల్లో విద్యుదయస్కాంత క్షేత్రాలను కంప్యూటర్ మీద లెక్కగట్టడం మా అమ్మాయి పరిశోధన. కామర్స్ చదివి, ముప్పై ఏళ్ళుగా బ్యాంకు లెక్కలు చూస్తున్న నాకు అది దూరపు విషయంగానే ఉండేది. కొత్త ఫ్లాటులోకి మారాక అది మా నట్టింట్లోకి వచ్చింది.

ఆ ఫ్లాటు కిటికీలకు ఎండవేడిని ఆపే అద్దాలు బిగించారు. ఇల్లు చల్లగా ఉందని సంతోషించాం. ఒక మధ్యాహ్నం ఒంటరిగా ఉన్న మా అమ్మకు కళ్ళు తిరిగాయి. ఆమెకు 82 ఏళ్ళు. చేతిలో సెల్‌ఫోన్ ఉంది గాని సిగ్నల్ లేదు. గోడ పట్టుకుని బాల్కనీ దాకా నడిచి నాకు ఫోన్ చేసింది. ప్రమాదమేమీ జరగలేదు గాని, ఆ నాలుగడుగులు వేయలేకపోతే ఏమయ్యేదో తలచుకుంటే ఇప్పటికీ గుండె ఝల్లుమంటుంది.

కారణం అమ్మాయి చెప్పింది. అలాంటి అద్దం మీద సుమారు 10 నానోమీటర్ల వెండిపూత ఉంటుంది. అంటే మిల్లీమీటరును లక్ష భాగాలు చేస్తే అందులో ఒక భాగం. వెలుతురు దాన్ని దాటి వస్తుంది. వేడి కిరణాలూ, సెల్‌ఫోన్ అలలూ చాలావరకు వెనక్కి పోతాయి.

దీన్ని లెక్కగట్టే పద్ధతుల్లో ఒకదాన్ని 1966లో కేన్ యీ అనే ఆయన ప్రకటించారు. గదిని చిన్న చిన్న గళ్ళుగా విడగొట్టి, ఒక్కొక్క గడిలో విద్యుత్ క్షేత్రం, అయస్కాంత క్షేత్రం ఎంతో రాస్తారు. ఒకటి మారితే రెండోది మారాలి. మన జమాఖర్చుల వంటిదే. చిక్కల్లా పొర దగ్గరే. 10 నానోమీటర్ల గళ్ళు గీస్తే 3 మీటర్ల గదికి ఒక్క వైపే 30 కోట్ల గళ్ళు కావాలి. గడి చిన్నదయితే కాలాన్నీ అంత చిన్న ముక్కలు చేయాలి. ఏ కంప్యూటరూ మోయలేదు.

అందుకని పొర లోపలికి వెళ్ళరు. దానికి మందమే లేదనుకుని ఒక నియమం పెడతారు. పొరకు రెండు పక్కలా విద్యుత్ క్షేత్రం సమానం. అయస్కాంత క్షేత్రంలో తేడా పొరలో పారే కరెంటుకు సమానం. ఇది విన్నాక నాకు తేలికగా అర్థమయింది. హెడ్డాఫీసు బ్రాంచిలోని ప్రతి వోచరూ చూడదు, రెండు వైపుల నిల్వల తేడా సరిపోయిందా అని చూస్తుంది.

"అయితే ఆ అద్దం తీసేస్తే సరి గదా?" అంది మా అమ్మ.

"అవసరం లేదవ్వా, వంటింటి పక్క గది కిటికీది మామూలు అద్దమే" అని అమ్మాయి కంప్యూటర్‌లో మా ఫ్లాటు బొమ్మ చూపించింది. అలలు ఆ కిటికీలోంచి వచ్చి గదంతా పరుచుకోవడం కనబడింది. అవ్వ కళ్ళద్దాలు పెట్టుకుని చాలాసేపు చూసింది. మనవరాలు ఏం చదువుతోందో ఆమెకు తెలియడం అదే మొదలు.

అమ్మ మంచం ఆ గదిలోకి మార్చాం. ఫోన్‌లో వైఫై ద్వారా కాల్స్ వచ్చే ఏర్పాటు కూడా చేశాం.

వయసు మళ్ళినవారున్న ఇళ్ళలో అద్దాలు బిగించాక ప్రతి గదిలోనూ ఫోన్ చేసి చూసుకోవాలని మనవి. అలాగే మీ పిల్లల్ని కూర్చోబెట్టుకుని వాళ్ళ పనేమిటో తెలుగులో చెప్పించుకోండి. మధ్యలో ఇంగ్లీషు మాటలు దొర్లినా ఫరవాలేదు. ఇంట్లో పెద్దలకు అర్థమయ్యేలా చెప్పగలిగితే చాలు.