ప్రమాదం అనే మాట

అమెరికాలో మసాచుసెట్స్‌కు చెందిన పమేలా పాకిన్, రోడ్ల మీద వాహనాల కింద పడి చచ్చిన రకూన్లు, నక్కల తోళ్ళతో మెడపట్టీలు, టోపీలు కుట్టి అమ్మింది. బోనుల్లో పెంచి చంపే మింక్‌ల ఫర్ కన్నా ఈ 'ప్రమాదవశాత్తూ దొరికిన ఫర్' నయమని ఆమె వాదన. కాదనలేను. పారేసే కళేబరాన్ని ఓపిగ్గా ఒలిచి, శుభ్రం చేసి కుట్టడంలో ఒక గౌరవం కూడా ఉంది.

నాకు మింగుడుపడనిది ఆ 'ప్రమాదం' అన్న మాటే. మన కోడళ్ళు కాలిపోయినప్పుడు పేపర్లు 'స్టౌ పేలి' అని రాసిన రోజులు నేను మర్చిపోలేదు. అగ్గిపుల్ల గీసిన చేతిని ఆ మాట దాచేసింది. నక్కను గుద్దినవాడు హంతకుడు కాకపోవచ్చు. కానీ అడవిని చీల్చి రోడ్డు వేసిందెవరు? అంత వేగం ఎవరికోసం? అందంగా మిగిలిన తోలు ఈ ప్రశ్నలు అడగదు. దాన్ని మెడకు చుట్టుకునే మనమే అడగాలి.