బళ్ళారిలో మా పెరడు

బళ్ళారిలో మేం ఇల్లు కట్టుకున్నది నల్లరేగడి నేలలో. ఎండాకాలం చెయ్యి దూరేంత నెర్రెలు, వాన పడితే చెప్పులు ఊడదీసే జిగట. పత్తి పండే నేలలో పూలు పూయవా అనుకుని, అనంతపురం నుంచి అమ్మ తెచ్చిన మల్లె అంటును గృహప్రవేశం నాడే పాతేశాం. మొదటి వానాకాలానికే వేరు కుళ్ళి పోయింది. అమ్మ ఒక్క మాట అనలేదు గానీ, ఆ వైపు చూడటం మానేసింది.

పక్కింటి అజ్జి వచ్చి చూసి, నీళ్ళు నిలిచే గుంతలో ఏదీ బతకదని, ముందు మట్టి సంగతి చూడమని కన్నడంలో చెప్పింది. ఎత్తుగా మడులు కట్టి ఎర్రమట్టి, ఇసుక, మాగిన పేడ ఎరువు కలిపాం. జనుము చల్లి, పూతకు రాగానే మట్టిలో తొక్కాం. దానికే రెండేళ్ళు!

ముందు గోడకు దూరంగా కానుగ, వేప. తరువాత మునగ, మందారం, కరివేపాకు. అజ్జికి అవి హొంగె, బేవు, నుగ్గె, దాసవాళ, కరిబేవు. 1953 అక్టోబరు 1న ఈ జిల్లాను విడదీసి ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలను ఆంధ్రకూ, మిగిలిన భాగంలో ఎక్కువ మైసూరుకూ ఇచ్చారు. వేప, కరివేపాకు పేర్లు మాత్రం అటూ ఇటూ చుట్టాలుగానే మిగిలాయి.

మూడో ఏడు, ఎవరూ అడగకుండానే అమ్మ మరో మల్లె అంటు తెచ్చింది. పోయిన వేసవిలో అది పూసింది. మొదటి మూర కట్టి, తను పెట్టుకోకుండా, గోడ మీదుగా అజ్జికి అందించింది.