గట్టు అవతలి పొలం

ఉద్యానమన్న మాటే జనం నోట నలిగి ఉద్దానమైందని తరగతిలో పిల్లలకు చెబుతూండేవాణ్ణి. వజ్రపుకొత్తూరు, మందస, సోంపేట, కవిటి మండలాల మీదుగా ఇచ్ఛాపురం దాకా సముద్రాన్ని ఆనుకొని కొబ్బరి, జీడి, పనస తోటలు. ఇటు టెక్కలి, నందిగాం వైపు వంశధార ఎడమ కాలువ కింద వరిమళ్ళు. నా ఉద్యోగజీవితమంతా ఈ రెండింటి నడుమనే గడిచింది. విశ్రాంతి దొరికిన తరువాత సాయంకాలాలు గట్ల వెంబడి తిరగడం అలవాటైంది. ఎరువుల బస్తా, పురుగుమందు సీసా విడిచి రైతు ప్రకృతిసేద్యానికి ఎందుకు మళ్ళుతాడు, ఎందుకు మళ్ళడు అన్న ప్రశ్న ఆ నడకలోనే నన్ను పట్టుకున్నది.

'పర్యావరణం' అన్న పదాన్ని సభలలో చాలాసార్లు విన్నాను; ఒక్క రైతు నోట కూడా వినలేదు. 2016లో మన రాష్ట్రంలో రైతు సాధికార సంస్థ ఈ సేద్యాన్ని ఊరూరికీ తీసుకువెళ్ళడం ఆరంభించింది. 2024లో దానికి గుల్బెంకియన్ బహుమానం కూడా దక్కింది. ఆ వార్త చెబితే మా వైపు రైతు ఒకడు తలూపి, "గత్తం బండి ఎంతకిస్తన్నారో కనుక్కున్నారా మాస్టారూ?" అని అడిగాడు.

పద్ధతి చెప్పుకోవడానికి సులభమే. 200 లీటర్ల నీటిలో 10 కిలోల ఆవుపేడ, కొంత మూత్రం, 2 కిలోల బెల్లం, 2 కిలోల పప్పుపిండి, గుప్పెడు గట్టుమట్టి కలిపి రెండు రోజులు మురగబెడితే ఎకరానికి సరిపడే జీవామృతం. పొగాకు, పచ్చిమిర్చి, వెల్లుల్లి, వేపాకు మూత్రంలో ఉడికిస్తే అగ్నిఅస్త్రం. సంధి చేస్తే అగ్న్యస్త్రం కావాలి. కాని పురుగు చచ్చిందా లేదా అన్నదే రైతుకు ముఖ్యం, యణాదేశం కాదు గదా!

మాటలతో మారినవారిని నేను చూడలేదు. గట్టు అవతలి పొలం చూసి మారినవారిని చూశాను. పక్కవాడి వరి వానగాలికి పడిపోకుండా నిలబడితే, ఇతడు నాలుగు రోజులు అటువైపే నడుస్తాడు, ఏమీ అడగడు. ఐదో రోజున, "డ్రమ్ము ఎంతకి కొన్నావు?" అంటాడు. అంతే, సగం పని అయినట్లే. మిగిలిన సగం ఇంటి ఇల్లాలిది. పొదుపు సంఘంలో లెక్క రాసే ఆవిడకు పురుగుమందు బాకీ ఎంతో తెలుసు. పూర్వపు ఖమ్మం జిల్లాలోని పునుకుల పత్తి రైతులు 2004 నాటికి పురుగుమందులు మానుకున్నప్పుడు కూడా దుకాణదారు అప్పుల బాధ, మహిళా సంఘాల పట్టుదల ప్రధానమయ్యాయి. అప్పిచ్చేవాడే మందు అమ్మేవాడైతే రైతుకు వేరే దారి ఎక్కడిది?

మా ఉద్దానంలో మరొక కారణముంది. దాన్ని తలచుకుంటే గొంతు పూడుకుపోతుంది. మూత్రపిండాల వ్యాధితో ఖాళీ అయిన ఇళ్ళు నేను పాఠం చెప్పిన పిల్లలవి కూడా. నీరా, మందులా, ఎండలో చాకిరీయా, వంశమా, కారణమేదో శాస్త్రం నేటికీ తేల్చలేదు. శాస్త్రం తేల్చేదాకా తల్లులు ఆగలేదు. ఇంటికి తినే కూరగాయల మడికి, తిండిగింజల చెక్కకు మందు కొట్టనివ్వడం మానేశారు. అమ్మేదానికి మాత్రం కొడుతూనే ఉన్నారు. ఇది న్యాయమా అని నేను అడగగలను. వారి బాకీ నేను తీర్చగలనా?

2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను ఈ తోటలను నేలకూల్చింది. కొబ్బరి మళ్ళీ కాపుకు రావాలంటే ఐదారేళ్ళు. ఆ ఎదురుచూపు రోజుల్లో చేతిలో పైసా లేక పేడనూ వేపాకునూ ఆశ్రయించినవారున్నారు. దానిని ఆదర్శమని పొగడను. లేమి తెచ్చిన మార్పు అది. చేతిలో డబ్బు ఆడగానే కొందరు మళ్ళీ దుకాణానికే వెళ్ళారు. మట్టి మెత్తబడటం, వానపాములు రావడం చూసినవారు మాత్రం వెనుదిరగలేదు.

ఇష్టమున్నా మారలేనివారి సంగతి ఎక్కువ బాధ కలిగిస్తుంది. టెక్కలి దగ్గర కౌలు చేసే నా పాత విద్యార్థి ఒకడు అన్నాడు: "మాస్టారూ, మూడేళ్ళు గత్తమేసి మన్ను బాగుసేస్తాను. నాలుగో ఏడు బుగత భూమి ఇంకొకడికిచ్చెస్తే నానేటి సేసేది?" దీనికి జవాబు ఏ శిక్షణ తరగతిలోనూ వినలేదు. పైగా అతనికి ఆవు లేదు. ట్రాక్టరు వచ్చాక ఎద్దులు పోయాయి, మేత కరవై ఆవులూ తగ్గాయి.

మొన్నటి ఖరీఫులో సంఘం ఆవిడ ఒకతె కషాయాలు కాచి లీటర్ల లెక్కన అమ్ముతోందని విని, అతడు తెచ్చి సగం పొలానికి చల్లాడు. మరునాడు మిగతా సగానికి సైకిలు మీద యూరియా బస్తా వేసుకుపోతూ నాకెదురయ్యాడు. బ్రేకు వేసి, తల గోక్కుంటూ నవ్వి, "ఈ ఏటికి సగమే మాస్టారూ" అన్నాడు.