రాత్రికి రాత్రే కదిలిన రాళ్లు

ఇంగ్లండ్‌లో ఎన్నో పల్లెలు ఒకే కథ చెబుతాయి. పగలు ఒకచోట చర్చికి పునాది వేస్తారు; తెల్లారేసరికి రాళ్లన్నీ ఇంకోచోట ఉంటాయి. మోసినవాడు ఒక ఊళ్లో సైతాను, మరో ఊళ్లో దేవదూత. విన్విక్‌లో అయితే పంది! దాని బొమ్మ అక్కడి చర్చి గోపురం మీద చెక్కి ఉంది. సస్సెక్స్‌లోని ఆల్ఫ్రిస్టన్‌లో నాలుగు తెల్ల ఎడ్లు సిలువ ఆకారంలో పడుకున్నచోటే కట్టారట.

నన్ను ఎక్కువగా పట్టి నిలిపేది బ్రెంటర్. డార్ట్‌మూర్ అంచున, సముద్రమట్టానికి 330 మీటర్ల ఎత్తులో, ఒంటరి రాతిగుట్ట కొమ్మున చిన్న చర్చి. ప్రార్థనకు రావాలంటే ముసలివాళ్లయినా గాలికి ఎదురొడ్డి ఎక్కాల్సిందే. జనం రాకూడదని సైతానే రాళ్లను పైకి మోశాడంటుంది కథ. మోకాళ్ల నొప్పులతో ఆ గుట్టెక్కిన తరాల మూలుగు నాకు అందులో వినిపిస్తుంది.

యార్క్‌షైర్‌లోని రడ్‌స్టన్‌ది ఇంకో తీరు. చర్చి గోడ పక్కనే 7.6 మీటర్ల నిలువురాయి. సైతాను చర్చి మీదికి విసిరితే గురి తప్పిందని అంటారు. నిజానికి ఆ రాయి క్రీస్తుకు వేల ఏళ్ల ముందటిది. దాని దగ్గరికి చర్చే వచ్చింది. ఇలా పాత పూజాస్థలాలను చర్చిలు వాడుకోవడానికి తగ్గట్టే, పాత మతం గుళ్లలో విగ్రహాలు తీసేయండి గానీ గుళ్లు కూల్చకండి అని 601లో పోప్ గ్రెగరీ ఇంగ్లండ్‌కు రాసిన ఉత్తరం ఉంది. అంతమాత్రాన పాత చర్చిలన్నీ పూర్వపు గుళ్ల మీదే లేచాయని నేననను. అందుకు తవ్వకాల్లో దొరికిన ఆధారాలు తక్కువ. నాకైతే ఈ కథల్లో చాలావరకు స్థలం కోసం జరిగిన ఊరి తగాదాలే కనిపిస్తాయి. చర్చి తమకు దూరమైపోయిందని బాధపడ్డ వాడవాళ్లకు ఆ రాళ్లు మోసింది మనుషులని ఒప్పుకోవడం కష్టమే కదా.