నకిలీల అర

పాత వీడియో గేములు సేకరించేవారు సాధారణంగా అసలు సరుకునే కోరతారు. నేను నకిలీల కోసమే వెతుకుతాను. 1983లో జపానులో నింటెండో విడుదల చేసిన ఫ్యామికాంను మా ధర్మపురిలో నేనెన్నడూ చూడలేదు. మాకు దక్కింది దాని అనుకరణే, పసుపుపచ్చని కార్ట్రిజ్‌లతో సహా. నరసింహస్వామి జాతరలో కొన్న చేతి గేము మరో రకం. పైన "9999 ఆటలు" అని ఉండేది. లోపల పట్టుమని పది. మిగిలినవన్నీ వేగం మార్చిన అవే ఆటలు! అయినా మోసపోయామని ఎవరమూ అనుకోలేదు.

ఇప్పుడవి పాత సామాన్ల కొట్లలో తూకానికి పోతున్నాయి. పిన్నుల మకిలి స్పిరిటు అద్దిన దూదితో వదులుతుంది. కానీ అసలు యంత్రంలో విడివిడిగా ఉండే ప్రాసెసరు, బొమ్మల చిప్పు చాలా నకిలీల్లో ఒకే నల్లని జిగురుబొట్టు కింద ఉంటాయి. అది చెడితే బాగుచేసే దారి లేదు. తయారుచేసినవాడి పేరుండదు, సంవత్సరముండదు. అందుకే ఎక్కడ దొరికిందో, ఎవరింట ఆడారో చీటీ రాసి అంటిస్తున్నాను.

ధర్మపురికి వచ్చినవారికి యమపురి లేదంటారు. ఈ పెట్టెలకు ఆ వరం వర్తించినట్టు లేదు. మొన్న తెచ్చినదాంట్లో తెర మీద గీతలే వచ్చాయి. దానికీ చీటీ అంటించి అరలో పెట్టాను.